కిటికీ దగ్గర గాజు: టాల్బోట్ అలమర నుంచి అమ్మమ్మ చేతి దాకా

ఈ ఎపిసోడ్‌ని బస్సులోనో, వంట చేసుకుంటూనో కేవలం వినేవాళ్లు, ఇక్కడ చదువుకునేవాళ్లు చాలామంది ఉన్నారు కదా. అందుకే స్క్రీన్ మీద ఏ ఫోటో వచ్చినా అందులో ఏముందో నోటితో కూడా చెప్తుంటాను.

ఇప్పుడు కనిపిస్తున్నది ఒక కిటికీ. అసలు కాగితం పోస్టల్ స్టాంప్ అంత చిన్నది. ఊదారంగు మరక మీద అడ్డంగా నిలువుగా గీతలు, మధ్యలో చిన్న చిన్న గళ్లు. ఫోటోలా కూడా అనిపించదు. కానీ కెమెరాతో తీసి ఈ రోజు దాకా మిగిలిన నెగటివ్‌లన్నిటిలోకీ పాతది ఇదే. 1835 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో, లాకాక్ ఆబీ అనే పాత ఇంట్లో, విలియం హెన్రీ ఫాక్స్ టాల్బోట్ అనే ఆయన తీశాడు. దాని పక్కనే ఆయన చేత్తో రాసుకున్న చిన్న నోట్ ఉంది. తీసిన కొత్తల్లో భూతద్దం పెట్టి చూస్తే కిటికీలోని గాజు పలకలు సుమారు 200 లెక్కపెట్టగలిగేవాళ్లం అని అందులో రాశాడు.

అంటే మిగిలిన మొట్టమొదటి నెగటివ్‌లో ఉన్నదే గాజు. ఆ కిటికీ ఎందుకు పెట్టాడు అంటే కారణం సింపుల్. అప్పటి కాగితం మీద బొమ్మ పడాలంటే చాలా వెలుతురు కావాలి, చాలాసేపు కావాలి. ఇంట్లో అన్నిటికంటే వెలుతురున్న చోటు కిటికీయే. టాల్బోట్ చిన్న చిన్న చెక్క డబ్బాలు చేయించి ఇంటి చుట్టూ అక్కడొకటి ఇక్కడొకటి పెట్టేవాడు. వాళ్ల ఆవిడ కాన్‌స్టన్స్ వాటిని ఎలకల బోనులు అనేదట.

టాల్బోట్ గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్దాం. డబ్బున్నవాడు, లెక్కలు, రసాయనశాస్త్రం, పాత భాషలు, అన్నిట్లో వేలు పెట్టినవాడు. బొమ్మలు వేయడం మాత్రం రాదు. 1833లో ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున కూర్చుని బొమ్మ వేయబోతే కుదరలేదు. వెలుతురే కాగితం మీద బొమ్మ వేస్తే బాగుండు కదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1841లో కాలోటైప్ అనే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఇది చాలామందికి తెలిసిన కథే.

మన టాపిక్ అసలు ఇక్కడ మొదలవుతుంది. 1844 జూన్ నుంచి 1846 ఏప్రిల్ దాకా ఆయన ఒక పుస్తకాన్ని ఆరు భాగాలుగా అమ్మాడు. పేరు ద పెన్సిల్ ఆఫ్ నేచర్. లోపల 24 ఫోటోలు, నిజం ఫోటోలు, ఒక్కొక్కటీ విడిగా తయారుచేసి పేజీకి అంటించినవి. ఫోటోలతో అమ్మకానికి వచ్చిన మొదటి పుస్తకంగా దీన్నే చెప్తారు. అందులో మూడో బొమ్మ పింగాణీ సామాను. నాలుగో బొమ్మ గాజు సామాను.

ఇదిగో స్క్రీన్ మీద నాలుగోది. అరలు. అరల మీద వరసగా గ్లాసులు, సీసాలు, కాళ్లున్న గిన్నెలు. వెనక చీకటి. ఏ పండుగకో బయటకు తీసి తుడిచి మళ్లీ లోపల పెట్టే సామాను. మన ఇళ్లల్లో షోకేసులో పెడతామే, అచ్చం అదే. పెద్ద కోటలు, చర్చిలు తీయగలిగిన మనిషి ఇంట్లో గ్లాసులు ఎందుకు తీశాడు?

మూడో బొమ్మ కింద ఆయనే ఒక కారణం చెప్పాడు. ఒకాయన దగ్గర పింగాణీ సేకరణ ఉందనుకోండి. ప్రతి కప్పు గురించీ రాసి లిస్టు చేయాలంటే ఎంతో టైమ్ పడుతుంది. ఫోటో అయితే దాదాపు ఒక్క దెబ్బలో అన్నీ వచ్చేస్తాయి. రేపు దొంగ ఎత్తుకుపోతే ఆ ఫోటో కోర్టులో నోరు లేని సాక్షిలా నిలబడుతుంది, అదో కొత్త రకం సాక్ష్యం అన్నాడు. 1844లో! మనం ఇప్పుడు అద్దెకి తీసుకున్న బైక్‌కి గీతలు ఉంటే ముందే ఫోటో తీసి పెట్టుకుంటాం చూడండి, ఆ ఐడియాకి ఆ పేజీ తాతలాంటిది.

గాజు బొమ్మ కింద రాసింది నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే అది తీసినవాడి చేతి అనుభవం. గాజు సామాను కాగితం మీద పడే తీరు పింగాణీ పడే తీరులా ఉండదు, అదో ప్రత్యేకమైన తీరు అంటాడు. తెల్ల పింగాణీని, గాజుని పక్కపక్కన పెట్టి తీయొద్దు, పింగాణీ వెలుగు గాజుని మింగేస్తుంది అంటాడు. రంగు పింగాణీ అయితే గాజు పక్కన పెట్టొచ్చు, కానీ అది అచ్చ నీలం మాత్రం కాకూడదు. ఎందుకంటే ఆ కాగితానికి నీలం దాదాపు తెలుపంత వేగంగా తగులుతుంది. అదే పచ్చ రంగు అయితే చాలా బలహీనంగా తగులుతుంది, చెట్లు తీసేటప్పుడు అదో తలనొప్పి అని కూడా కలిపాడు. ఈ నీలం, పచ్చ మాట గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో మన ఇంటికే వస్తుంది.

ముందు గాజుతో అసలు ఇబ్బంది ఏంటో చూద్దాం. ఒక నిమ్మకాయని ఫోటో తీస్తే వెలుతురు నిమ్మకాయ మీద పడి చుట్టూ చెదిరి మన కంటికి వస్తుంది. నిమ్మకాయకి సొంత రంగు, సొంత గరుకుతనం ఉన్నాయి. రంగులేని గాజు గ్లాసుకి అవేవీ లేవు. అది తన వెనక ఉన్నదాన్ని చూపిస్తుంది, తన ముందు ఉన్నదాన్ని కాస్త అద్దంలా చూపిస్తుంది, అంచుల దగ్గర వెలుతురుని బాగా వంచుతుంది. ఆ వంపు వల్ల గ్లాసు అంచులో కనిపించేది నేరుగా వెనకున్నది కాకుండా పక్కలనున్నది. ఫోటోగ్రాఫర్లు గాజుని తీసే పద్ధతులన్నీ ఈ ఒక్క విషయం మీద నిలబడ్డాయి. వెనక నలుపు, పక్కల నుంచి వెలుతురు ఉంటే అంచులు తెల్లటి గీతల్లా మెరుస్తాయి. వెనక తెలుపు, పక్కల చీకటి ఉంటే అంచులు నల్లటి గీతల్లా వస్తాయి. టాల్బోట్ చేసింది మొదటిది. పుస్తకంలోని ఆ బొమ్మ మళ్లీ చూడండి, గ్లాసుల పొట్టలు చీకట్లో కలిసిపోయాయి, అంచులు, చెక్కుడు గీతలు మాత్రం మెరుస్తున్నాయి.

నమ్మకం లేకపోతే ఇప్పుడే చేసి చూడండి. నీళ్ల గ్లాసు తీసుకుని ఫోన్ ఫ్లాష్ వేసి ఒక ఫోటో. ఒక తెల్లటి మచ్చ, చుట్టూ ఏమీ లేదు. ఫ్లాష్ ఆపి, గ్లాసుని కిటికీకి అడ్డంగా పెట్టి, మీరు గదిలో నుంచి కిటికీ వైపు చూస్తూ మరో ఫోటో. అదే గ్లాసేనా అనిపిస్తుంది.

సరే, ఇంటికి వద్దాం. మన భాషలో ఒక తమాషా ఉంది. గాజు అంటే పదార్థమూ అదే, చేతికి వేసుకునేదీ అదే. ఇంగ్లిష్‌లో గ్లాస్ అనగానే తాగే గ్లాసు గుర్తొస్తుంది. తెలుగులో గాజు అనగానే ముందు చెయ్యి గుర్తొస్తుంది. మామూలు గాజు గాజుల్ని మట్టిగాజులు అంటాం. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో తళతళలాడే వాటిలో పేరుపడినవి లక్క గాజులు, వాటి మీద అతికించే చిన్న రాళ్లు మాత్రం గాజువి. నేను మాట్లాడేది మట్టిగాజుల గురించి. సీమంతంలో తొడిగేవి, గౌరమ్మ ముందు పెట్టేవి, గాజులవాళ్లు మలారం భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి అమ్మినవి. చేత్తో చేసిన అలంకారపు గాజు మన రోజువారీ బతుకులో ఎక్కడుంది అంటే నేను మ్యూజియం చూపించను, చేతిమణికట్టు చూపిస్తాను.

మరి పాత ఫోటోల్లో ఆ గాజులు ఎలా పడ్డాయి? టాల్బోట్ చెప్పిన నీలం, పచ్చ మాట ఇక్కడ పనికొస్తుంది. ఆయన కాగితం ఒక్కటే కాదు, ఆ తర్వాత చాలా ఏళ్లు వాడిన గాజు ప్లేట్లు కూడా నీలాన్నే బాగా చూసేవి. పచ్చ, పసుపు, ఎరుపు వాటికి చీకటి. మన ఆడవాళ్లు ఇష్టంగా వేసుకునేది ఏ రంగులు? పచ్చ గాజులు, ఎర్ర గాజులు, మధ్యలో బంగారు గాజు. మూడూ ఆ ప్లేట్లకి కనపడని రంగులే! అందుకే ఆ కాలపు ఫోటోల్లో చెయ్యి మీద నల్లటి వలయాలు కనిపిస్తాయి. ఏది మట్టిగాజో ఏది బంగారమో తేడా తెలీదు, మెరుపు తగిలిన చోట ఒక తెల్లటి చుక్క, అంతే. 1873లో హెర్మాన్ ఫోగెల్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ప్లేటుకి రంగు కలిపితే పచ్చ కూడా కనిపించేలా చేయొచ్చని కనుక్కున్నాడు. ఎరుపు దాకా అన్ని రంగుల్నీ చూసే ప్లేట్లు 1906లో ఇంగ్లండ్‌లో అమ్మకానికి వచ్చాయి. ఈ మధ్యలో మన దేశంలో ఒక దారి ఉండేది. నలుపు తెలుపు ఫోటో మీద చేత్తో రంగులు అద్దడం. చీర అంచుకి, నగలకి, గాజులకి సన్నటి కుంచెతో రంగు పెట్టేవాళ్లు. కెమెరా మింగేసిన పచ్చని పెయింటర్ తిరిగి తెచ్చేవాడన్నమాట. అయితే అది నిజంగా ఆమె వేసుకున్న రంగేనా, ఆయన దగ్గర మిగిలిన రంగా? మీ ఇంట్లో అలాంటి ఫోటో ఉంటే పెద్దవాళ్లని అడగండి, వాళ్లకే తెలియాలి.

ఇక్కడ హైదరాబాద్ నుంచి ఒక పేరు. రాజా దీన్ దయాళ్. పుట్టింది 1844లో, అంటే టాల్బోట్ గ్లాసుల ఫోటో అచ్చులో వచ్చిన ఏడాదే, మీరట్ దగ్గర సర్ధనాలో. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఫోటోగ్రాఫర్ అయ్యాడు, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు, 1905లో పోయాడు. నిజాం కాలపు మహళ్లు, దర్బారు హాళ్లు, షాండ్లియర్లు వేలాడే గదులు ఆయన కెమెరాలో పడ్డాయి. ఆయన ఫోటోల్లో గాజు రెండు చోట్ల ఉంది. గది పైకప్పు నుంచి వేలాడుతున్నది ఒకటి. ఫోటో పట్టుకున్న ప్లేటు రెండోది. ఆయన నెగటివ్‌లన్నీ గాజు పలకలు. వాటిలో 2,800 పైచిలుకు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం దగ్గర ఉన్నాయి. ఒక పలక చేయి జారిందంటే ఆ రోజు, ఆ గది పోయినట్టే. మన ఫోన్ స్క్రీన్ పగిలితే ఫోటోలు లోపల బతికే ఉంటాయి. వాళ్లకి ఆ ధైర్యం లేదు.

అయితే దర్బారు షాండ్లియర్ తీయడం వేరు, ఇంట్లో ఒక గ్లాసుని గ్లాసుగా తీయడం వేరు. రెండోదాన్ని పట్టుకుని ఏళ్లు గడిపినవాళ్లు ఇద్దరున్నారు. ఇద్దరూ యూరప్ వాళ్లే, ఇద్దరికీ కిటికీయే స్టూడియో.

మొదటాయన గురించి క్లుప్తంగా. యోసెఫ్ సుడెక్, 1896లో పుట్టిన చెక్ ఫోటోగ్రాఫర్. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి కుడి చెయ్యి పోయింది. ఒంటి చేత్తోనే బరువైన పెట్టె కెమెరాలు మోశాడు. చెక్ దేశంలోని బొహీమియా గాజుకి ప్రపంచంలో పేరుంది, మీకు తెలుసు. 1930ల్లో సుడెక్ జీవనోపాధికి చేసిన పనుల్లో లాడిస్లావ్ సుట్నార్ డిజైన్ చేసిన గాజు, పింగాణీ టీ సామాను ప్రకటనల ఫోటోలు కూడా ఉన్నాయి. శుభ్రంగా, మెరుస్తూ, కొనాలనిపించేలా ఉంటాయి. తర్వాత హిట్లర్ సైన్యం ప్రాగ్ నగరంలోకి వచ్చింది. వీధిలో కెమెరా పట్టుకుని తిరగడమే కష్టం అయిపోయిన రోజులు. 1940లో ఆయన తన స్టూడియో కిటికీని తీయడం మొదలుపెట్టి 1954 దాకా తీస్తూనే ఉన్నాడు. అద్దం మీద ఆవిరి, మంచు, బయట వంకర చెట్టు. లోపల గట్టు మీద ఒక మామూలు నీళ్ల గ్లాసు, ఒక గుడ్డు, రొట్టె ముక్క. అమ్మడానికి తీసిన గాజుకి, ఈ గాజుకి తేడా చూడాలంటే రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడండి. ఈ గ్లాసులో నీళ్లున్నాయి, అందులో కిటికీ తలకిందులుగా తేలుతోంది. కొనమని అడగదు.

రెండో ఆయన దగ్గర కాస్త ఆగుదాం. నేను ఈ ఎపిసోడ్ చేయాలనుకున్నదే ఈయన వల్ల.

ఆండ్రే కెర్టెస్. 1894లో బుడాపెస్ట్‌లో పుట్టాడు. 1925లో పారిస్ వెళ్లి అక్కడ పేరు తెచ్చుకున్నాడు, 1936లో న్యూయార్క్ వెళ్లి అక్కడ ఇరుక్కుపోయాడు. ఇరుక్కుపోయాడు అనే మాట నాదే కానీ, ఆయన మాటలు చదివితే మీరూ అదే అంటారు. అమెరికాలో తన ఫోటోలని ఎవరూ అర్థం చేసుకోలేదని జీవితమంతా బాధపడ్డాడు. 1940ల చివరి నుంచి 1962 దాకా హౌస్ అండ్ గార్డెన్ అనే పత్రికకి పనిచేశాడు. పనేంటంటే డబ్బున్నవాళ్ల ఇళ్లల్లో హాళ్లు, పూలకుండీలు, టేబుల్ మీద సర్దిన గాజు సామాను, ఇలాంటివి అందంగా తీయడం. ఇవాళ ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంటీరియర్ పేజీలు నడిపేవాళ్లు చేసే పని. జీతం వచ్చింది, తృప్తి రాలేదు.

భార్య పేరు ఎలిజబెత్. బుడాపెస్ట్‌లో కుర్రతనంలో మొదలైన ప్రేమ. న్యూయార్క్‌లో వాషింగ్టన్ స్క్వేర్ పార్క్ కనిపించేలా 12వ అంతస్తులో వాళ్ల ఫ్లాట్. 1977లో ఆమె క్యాన్సర్‌తో పోయింది. ఈయనకి అప్పుడు 83 ఏళ్లు. పిల్లల్లేరు.

కొన్నాళ్లకి ఒక పుస్తకాల షాపు కిటికీలో చిన్న గాజు బొమ్మ కనిపించింది. తల, మెడ, భుజాలు, అంతవరకే. ముఖంలో కళ్లూ ముక్కూ స్పష్టంగా లేవు. కానీ ఆ మెడ, భుజం వంపు అచ్చం ఎలిజబెత్‌లా అనిపించాయి. నిలబడి నిలబడి చూసి, చివరికి లోపలికి వెళ్లి కొన్నాడు. ఇంటికి తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాడు.

ఆ టైమ్‌లో ఆయన చేతిలో ఉన్న కెమెరా పోలరాయిడ్ ఎస్ఎక్స్-70. 1972లో వచ్చిన మడతపెట్టే కెమెరా. బటన్ నొక్కితే చదరపు ఫోటో బయటికొచ్చి మన కళ్లముందే నెమ్మదిగా తేలుతుంది. నెగటివ్ ఉండదు, డార్క్‌రూమ్ ఉండదు, కాపీ ఒక్కటే. అప్పటి సీరియస్ ఫోటోగ్రాఫర్లు దాన్ని బొమ్మ కెమెరాలా చూసేవాళ్లు. ఇప్పుడు కొందరు ఫోన్ ఫోటోల గురించి మాట్లాడినట్టే. అరవై ఏళ్లకి పైగా కెమెరా పట్టిన మనిషి, ఎనభై దాటాక, దానితో ఆ గాజు బొమ్మని రోజుల తరబడి తీశాడు. పొద్దున వెలుతురులో, సాయంత్రం ఎరుపులో, మబ్బు పట్టినప్పుడు.

స్క్రీన్ మీద వాటిలో ఒకటి. ముందు బొమ్మ, వెనక న్యూయార్క్. బొమ్మ లోపల చూడండి. నగరం, ఆకాశం వంగిపోయి అందులో ఉన్నాయి. ఇందాక చెప్పిన సైన్సే ఇది, గాజు తన వెనకున్నదాన్ని చూపిస్తుంది. ఆమె ఎన్నో ఏళ్లు ఏ కిటికీలోంచి చూసిందో ఆ కిటికీలోని దృశ్యమే ఆమె ఆకారంలో నిండి ఉంది. దీనికి పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదనుకుంటా. 1981లో ఈ పోలరాయిడ్‌లు ఫ్రమ్ మై విండో అనే చిన్న పుస్తకంగా వచ్చాయి, ఎలిజబెత్‌కి అంకితం ఇచ్చాడు. 1985లో ఆయన పోయాడు.

ఈ ఫోటోలు చూస్తున్నప్పుడు నాకు తట్టింది మన చేతి గాజులే. భార్య పోతే ఆయన గాజు కొనుక్కున్నాడు. మన దగ్గర చాలా ఇళ్లల్లో భర్త పోతే ఆమె చేతి గాజులు పగలగొట్టారు. పదో రోజు, నలుగురి ముందు, తోటి ఆడవాళ్ల చేత. ఇది ఎప్పటి మాటో అనుకోకండి, మీలో కొందరు చిన్నప్పుడు తలుపు సందులోంచి చూసే ఉంటారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. అదంతా స్కూల్ పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకున్నాం. ఆ తంతు మాత్రం ఆ తర్వాత కూడా నడిచింది. ఇప్పుడు చాలా కుటుంబాలు మానేస్తున్నాయి, కొందరు అమ్మలు ధైర్యంగా వద్దని చెప్తున్నారు, మంచి విషయం.

ఫోటో చరిత్ర వైపు నుంచి దీన్ని చూడండి. ఇంటి ఆల్బమ్ తిరగేస్తే అమ్మమ్మ చేతుల మీద ఒక పేజీ దాకా గాజులుంటాయి, తర్వాతి పేజీలో ఉండవు. ఎవరూ తారీఖు రాయకపోయినా తాతయ్య ఎప్పుడు పోయాడో ఆ మణికట్టు చెప్పేస్తుంది. టాల్బోట్ నోరులేని సాక్షి అన్నది దొంగల గురించి. మన ఆల్బమ్‌లో ఆ సాక్షి ఇంకో రకం నష్టం గురించి చెప్తోంది. పైగా ఆ గాజుల కోసమని తీసిన ఫోటో దాదాపు ఏ ఇంట్లోనూ ఉండదు. పెళ్లి ఫోటోలో, గ్రూప్ ఫోటోలో ఒక మూల పడినవే. పగిలినవాటిని ఊడ్చి బయట పారేశారు కాబట్టి మిగిలింది ఆ మూల ఒక్కటే.

గాజు వేసుకున్నవాళ్ల సంగతి ఇదైతే, చేసినవాళ్లు? వాళ్లయితే ఫోటోలో అసలు ఉండరు.

మన బజార్లలో అమ్మే మట్టిగాజుల్లో చాలావరకు ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ నుంచి వస్తాయి. కరిగిన గాజుని తిరుగుతున్న రోలర్ మీదకి సన్నటి తీగలా లాగితే స్ప్రింగులా చుట్టుకుంటుంది. దాన్ని నిలువునా కోస్తే విడివిడి వలయాలు వస్తాయి, కానీ ప్రతి వలయానికీ ఒక చోట చీలిక ఉంటుంది. ఆ రెండు కొసల్నీ చిన్న మంట మీద పట్టుకుని ఒక్కొక్కటిగా అతకాలి. జుడాయి అంటారు. ఈ పని ఎక్కువగా ఇళ్లల్లోనే జరుగుతుంది, చాలావరకు ఆడవాళ్లే చేస్తారు, మంట ముందు వంగి, రోజుకి వందల గాజులు. పిల్లల చేత కూడా చేయించారని ఎన్నో ఏళ్లుగా విమర్శలున్నాయి. చేతికున్న గాజుని వెలుతురుకి పెట్టి నెమ్మదిగా తిప్పండి. ఎక్కడో ఒక చోట సన్నగా, కాస్త ఉబ్బుగా అతుకు తగులుతుంది. అది ఎవరో ఒక మనిషి చేసిన పని. ఫోన్‌లో మాక్రో మోడ్ ఉంటే దాన్ని తీయొచ్చు, నేను తీసింది ఇదిగో.

మన రాష్ట్రంలోనే ఇంకా పాత కథ ఒకటుంది. తిరుపతి జిల్లాలో, శ్రీకాళహస్తికి దగ్గర్లో పాపానాయుడుపేట. ఇక్కడ గాజు పూసలు చేసేవాళ్లు. చేసే పద్ధతి సుమారు 2,000 ఏళ్ల నాటిది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్వకాల్లో దొరికిన చిన్న చిన్న గాజు పూసలున్నాయి కదా, ఆగ్నేయాసియా నుంచి తూర్పు ఆఫ్రికా దాకా సముద్రాలు దాటి వెళ్లిన రకం, వాటిని ఎలా చేసి ఉంటారో పరిశోధకులకి అర్థమైంది ఈ ఊరి కొలిమి చూశాకే. అమెరికన్ పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ దీని మీద వివరంగా రాశాడు.

పని ఎలా ఉంటుందంటే, లాడ అనే పొడవైన బోలు ఇనుప గొట్టం చివర కరిగిన గాజు ముద్ద పెడతారు. ముద్ద మధ్యలో బోలు ఉండేలా చేసి కొలిమిలోకి తోస్తారు. కొలిమికి ఇంకో వైపు కూర్చున్న పనివాడు కొక్కెంతో ఆ ముద్ద కొస అందుకుని లాగుతాడు. లోపల బోలు అలాగే సాగుతూ సన్నటి గొట్టం వస్తుంది. ఇక ఆపకూడదు. చేతులు మార్చుకుంటూ ముద్ద అయిపోయేదాకా గంటల తరబడి లాగుతూనే ఉండాలి. వేగం కాస్త తగ్గితే గొట్టం లావవుతుంది, పెరిగితే సన్నబడుతుంది. కొలతబద్ద అతని చేతివేళ్లే. తర్వాత ఆ గొట్టాల్ని చిన్న ముక్కలుగా నరికి, బూడిదలో కలిపి వేడిచేస్తే అంచులు గుండ్రబడి పూసలవుతాయి. బూడిద ఎందుకంటే రంధ్రం మూసుకుపోకుండా, ఒకదానికొకటి అంటుకోకుండా.

ఈ పనిని ఇంత వివరంగా చెప్పగలుగుతున్నామంటే పరిశోధకులు దగ్గర కూర్చుని చూసి, రాసి, ఫోటోలు తీశారు కాబట్టి. చేతిపని పుస్తకంలో మిగలదు, చేతిలో ఉంటుంది. ఆ చెయ్యి ఆగితే, లాగే వేగం ఎంతో ఏ పూసనీ చూసి చెప్పలేం. ఇలాంటి చోట ఒక నిమిషం వీడియో, పది ఫోటోల విలువ నేను లెక్కగట్టి చెప్పలేను.

సరే, ఇక ఫోన్ బయటికి తీయండి. ఇంట్లో చేత్తో చేసిన గాజు ఏదైనా, మట్టిగాజులు, పూసల దండ, అటక మీద ఊరగాయ జాడీల వెనక దాక్కున్న పాత రంగు సీసా, ఏదైనా పర్లేదు. ముందు తుడవండి. కంటికి కనపడని వేలిముద్ర ఫోటోలో భూతంలా కనిపిస్తుంది. ఫ్లాష్ వద్దు, ట్యూబ్‌లైట్ కూడా ఆపేయండి. రంగు గాజు అయితే కిటికీకి ఎదురుగా పెట్టండి, వెలుతురు దానిలోంచి వచ్చి రంగు వెలుగుతుంది. రంగు లేని చెక్కుడు గాజు అయితే టాల్బోట్ దారి, వెనక నల్ల దుపట్టానో, ముదురు చీరో వేలాడదీసి కిటికీ పక్కకి వచ్చేలా పెట్టండి. స్క్రీన్ మీద గాజు అంచు దగ్గర వేలు పెట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుతురు గీతని కొంచెం కిందకి లాగండి. పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి, గాజు ఎక్కడ ఆగుతుందో వెనకున్నది ఎక్కడ మొదలవుతుందో దానికి అర్థంకాక అంచుల్ని కొరికేస్తుంది. గాజులో మీ బొమ్మ, మీ ఫోన్ కనిపిస్తే కొంచెం పక్కకి జరగండి, లేదా ఉంచేయండి. ఎవరు తీశారో ముందుతరాలకి తెలుస్తుంది, నాకైతే ఉంటేనే ఇష్టం.

చేతికున్న గాజులైతే చెయ్యి వేసుకున్నవాళ్లదే కాబట్టి ముందు అడగండి. అమ్మమ్మనో, నానమ్మనో కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. పోజు ఇవ్వమంటే చేతులు కొంగులో దాచేస్తారు. బియ్యంలో రాళ్లు ఏరుతున్నప్పుడు, పూలు కడుతున్నప్పుడు తీయండి. చేతులు ఖాళీగా ఉన్నా తీయండి. ఆవిడ చెప్తే, ఏ రంగులు వేసుకునేదో, ఎవరి దగ్గర కొనేదో ఆ వివరం ఫోటో క్యాప్షన్‌లో రాసిపెట్టండి, తారీఖుతో సహా. టాల్బోట్ తన కిటికీ పక్కన రెండు ముక్కలు రాసుకోకపోతే ఆ 200 పలకల సంగతి మనకి తెలిసేదే కాదు.

ఈ రోజుకి ఇంతే. వచ్చే వారం గోలీ సోడా సీసా, దాన్ని 1872లో పేటెంట్ చేయించిన హైరమ్ కాడ్ కథ. ఉంటాను మరి.